అసల్, నకల్, మా అబ్బా జావా బండి

పోయిన రంజాన్ పండుగ అయిన తర్వాత ఒక ఇత్వార్ రోజు, మిరుదొడ్డిలో మా పాత ఇంటి సాయబాన్ కింద కూర్చొని అబ్బా జావా బండి కార్బ్యురేటర్ విప్పాను. కార్బ్యురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రెండు వేళ్ల మందం అల్యూమినియం ముక్క ఒకటి ఉంది. కంపెనీది కాదని చూడగానే తెలుస్తుంది. కిరోసిన్ గుడ్డతో మసి తుడిచి వెల్తురుకి పెట్టి చూస్తే లోపలి అంచున సూదితో గీసినట్టు ఉర్దూ అంకెలు కనబడ్డాయి. 4-6-96.

పక్కన కూర్చున్న మా అబ్బాయి "ఏందబ్బా అవి, గీతలు పడ్డయా?" అన్నాడు. వాడికి ఉర్దూ అంకెలు రావు.

"తారీఖ్ రా" అన్నాను. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్రకు కూడా అదే మాట.

అప్పటికి వారం కిందనే హైదరాబాద్ నుంచి ఒక సాబ్ ఫోన్ చేసి ఉన్నాడు. పాత బండ్లు జమ చేసే షౌక్ ఉన్న మనిషి. ఎవరి ద్వారానో మా బండి ఫోటో చూశాడట. మొదటి సవాల్: "పూరా ఒరిజినల్ హైనా భాయ్?" కాదు సాబ్, అబ్బా చాలా మార్చాడు అని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు ఇస్తే 55 వేలు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి షకల్‌కి తెచ్చి ఇస్తే లక్షా 60 వేలు అన్నాడు. మా చిన్న బిడ్డ నర్సింగ్ ఫీజు కట్టాల్సిన నెల అది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పాల్సిన పని లేదు.

'ఒరిజినల్' అన్న మాటకి మన దగ్గర ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: అసలు. అది అరబ్బీ 'అసల్'. వేరు, మూలం అని అర్థం. దాని జోడీ 'నకల్' కూడా తెలుగులోకి వచ్చి నకలు అయ్యింది. పట్టా నకలు, పహాణీ నకలు. ఈ రెండు మాటలూ కచేరీ కాగితాల వెంబడి మన ఊళ్లకొచ్చాయి. మూడో మాట ఒకటి ఉంది, అది వర్క్‌షాపు వెంబడి కూడా వచ్చింది: మరమ్మత్తు. ఇదీ అరబ్బీదే. సాబ్ అడిగింది అసల్ గురించి. నా చేతిలో ఉన్నది మరమ్మత్తు. ఈ వ్యాసం ఆ మూడో మాట గురించి.

మా బండి 1970 మోడల్ జావా 250. మా వైపు పెద్దవాళ్లు ఇంకా 'మైసూర్ జావా' అంటారు. పేరు చూసి చాలామంది జావా దీవి అనుకుంటారు, దానికీ దీనికీ ఏ తాల్లుక్ లేదు. ప్రాగ్ నగరంలో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయనకు ఆయుధాల కార్ఖానా ఉండేది. ఆ ధందా తగ్గినాక 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ దగ్గర 500 సీసీ మోటార్‌సైకిల్ లైసెన్సు కొన్నాడు. తన పేరులో మొదటి రెండక్షరాలు, వాండరర్‌లో మొదటి రెండక్షరాలు కలిపితే 'జావా'. అంటే ఆ బండి పుట్టుకే ఇంకొకరి నమూనా మీద. అసల్ కోసం పట్టుబట్టేవాళ్లు ఈ సంగతి యాద్ పెట్టుకోవాలి. ఆ తర్వాత నాజీలు దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో, మోటార్‌సైకిళ్లు తయారు చెయ్యొద్దన్న హుకుం నడుస్తుండగానే, ఆ ఫ్యాక్టరీ ఇంజినీర్లు చాటుమాటుగా ఒక కొత్త 250 సీసీ బండి మీద పనిచేశారు. జంగ్ ముగిశాక 1946లో పారిస్ ప్రదర్శనలో దాన్ని బయటపెట్టారు. మా బండికి అది ఒక రకంగా తాత.

హిందుస్తాన్‌లోకి జావాలను తెప్పించింది బొంబాయిలోని ఇరానీ కుటుంబం. రుస్తుం ఇరానీ, ఫారూఖ్ ఇరానీ. 1950లలో విదేశీ బండ్ల దిగుమతి మీద సర్కారు పాబందీ పెడితే, తెప్పించే బదులు ఇక్కడే తయారు చేద్దామని మైసూర్‌లోని యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టారు. 1961లో బండ్లు బయటికి రావడం మొదలైంది. చెక్ కంపెనీతో లైసెన్సు ముగిశాక 1973 ప్రాంతంలో అవే బండ్లకు 'యెజ్దీ' అని పేరు పెట్టారు. ఇరాన్‌లోని యజ్ద్ పట్టణం మీదుగా వచ్చిన పేరది. చెక్ పేరు పోయి ఫార్సీ పేరు వచ్చింది. మా సిద్దిపేట మిస్త్రీలు మాత్రం రెంటినీ 'జావా' అనే పిలిచారు.

ఆ బండి మా ఎర్రమట్టి బాటలకు ఎందుకు నచ్చిందో విప్పి చూస్తే సమజ్ అవుతుంది. చైన్ మొత్తం రేకు డబ్బాలో మూసి ఉంటుంది. దుమ్ము పడదు, బురద పడదు. కిక్కు కొట్టే రాడే గేరు రాడు. స్టార్ట్ కాగానే దాన్ని ముందుకు తిప్పితే గేరు లీవర్ అయిపోతుంది. గేరు మార్చేటప్పుడు క్లచ్ పట్టకపోయినా తనంతట తాను వదులుతుంది, కాబట్టి ఒక చేత్తో మూట పట్టుకొని కూడా నడపొచ్చు. చక్రాలు 16 అంగుళాలవి, కురుచ, బరువేస్తే తొణకవు. సిలిండర్ లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 75. నడక పొడుగు కాబట్టి తక్కువ స్పీడులోనే బలంగా లాగుతుంది. ఎడ్లబండి బాటలో అంతకన్నా కావాల్సింది లేదు.

మా వైపు మోటారు తారీఖ్ మరీ పాతది కాదు. నిజాం స్టేట్ రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులు, 166 మంది నౌకర్లతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. ఇప్పుడు మనం ఎక్కే ఆర్టీసీకి బునియాద్ అదే. మెదక్‌ని గుల్షనాబాద్ అన్న రోజులు అప్పటికే పోయినా, మా పల్లెలకు బస్సు రావడానికి ఇంకా చానా ఏండ్లు పట్టింది. సైకిల్ ఉన్నవాడే దౌలత్‌మంద్. ఆ తర్వాత లైసెన్సు రాజ్‌లో స్కూటర్ కోసం పైసలు కట్టి ఏండ్ల కొద్దీ ఇంతిజార్ చేసేవాళ్లు. అందుకే పల్లెల్లో కొత్త బండి అనే మాటే తక్కువ, ఒకరు వాడి దించిందే ఇంకొకరికి కొత్తది. మా జావా మొదటి మాలిక్ ఒక టీచర్ సార్. అబ్బా ఆయన దగ్గర 1983లో కొన్నాడు. అప్పటికి మిరుదొడ్డి ఇంకా మండలం కూడా కాదు, మండలాలు వచ్చిందే 1985లో.

అబ్బా బట్టల మూటలు కట్టుకొని అంగళ్లు తిరిగేవాడు. లుంగీలు, తువ్వాళ్లు, దుబ్బాక మగ్గాల చీరలు. దుబ్బాక, చేగుంట, రామాయంపేట, సిద్దిపేట. టీచర్ సార్ బడికి పోయి రావడానికి వాడిన బండి మీద అబ్బా క్వింటాలుకు తక్కువ కాని సరుకు వేసేవాడు. ఇక అప్పటి నుంచి ఆ బండి మారడం మొదలైంది.

నేను ఆ వేసవిలో చేసిన పని పానాలతో చేసిన ఖుదాయీ అనుకోండి. భూమి తవ్వేవాళ్లకు పొరలు ఎట్లా దొరుకుతాయో నాకూ అట్లాగే దొరికాయి.

మొదటి పొర రంగు. వాటర్ పేపర్ పెట్టి రుద్దితే పైన నలుపు, దాని కింద నీలం, ఆ కింద మెరూన్. మెరూన్ ఫ్యాక్టరీది. ఆ నీలం ఎక్కడిదా అని తలెత్తి చూస్తే మా ఇంటి తలుపుది. తలుపులకు వేసిన ఎనామిల్ డబ్బాలో మిగిలింది బండికి పూశాడు! అమ్మీని అడిగితే నవ్వింది. "హౌ, మీ పెద్దక్క షాదీకి. సున్నం, రంగులు, అన్నీ ఒక్కసారే" అంది. అక్క పెళ్లి 1988లో అయ్యింది.

రెండో పొర ఇంజిన్. హెడ్ తీస్తే పిస్టన్ నెత్తి మీద 0.75 అని గుద్ది ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: సిలిండర్ లోపల అరిగిపోతే దాన్ని ఖరాద్ మీద కొంచెం పెద్దగా కోసి, అంతే పెద్ద పిస్టన్ వేస్తారు. మొదటిసారి పావు మిల్లీమీటరు, తర్వాత అర, ఆ తర్వాత ముప్పావు. అంటే ఈ ఇంజిన్ మూడుసార్లు కోత పడ్డది. సార్ దగ్గర ఉన్నప్పుడు ఒకసారి పడిందనుకున్నా, కడమ రెండూ అబ్బా మూటల హిసాబ్. స్పీడోమీటర్ ముల్లు ఎప్పుడో విరిగింది. ఆయన ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగాడో చెప్పే కాగితం ఇంట్లో లేదు. ఆ ముప్పావు మిల్లీమీటరే గవాహీ.

హెడ్ కింద ఇంకో వింత. ఒక ప్యాకింగ్ ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి. అరగంట ఆలోచించినా సమజ్ కాలేదు. మా గల్లీలో పాత మిస్త్రీ ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. తీసుకుపోయి చేతిలో పెడితే వేళ్లతో తడిమి "అరే, యే తో ఘాస్‌లేట్ కా కామ్ హై" అన్నాడు. ఘాస్‌లేట్ అంటే కిరోసిన్. పెట్రోలు ధర భరించలేక చాలామంది పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక కిరోసిన్ కలిపి నడిపేవాళ్లు. కిరోసిన్‌కి లోపలి దబావ్ ఎక్కువైతే ఇంజిన్ టకటక కొడుతుంది. ప్యాకింగ్ ఇంకోటి వేస్తే హెడ్ ఒక నూలు పైకి లేచి దబావ్ తగ్గుతుంది. ఇది కానూన్ ప్రకారం తప్పు, ఇంజిన్‌కీ చేటు, ఆ నీలం రంగు కిరోసిన్ రేషన్ కార్డుల మీద పొయ్యిలకు ఇచ్చింది. నేను దాన్ని గొప్పగా చెప్పడం లేదు. కానీ ఎప్పుడు వేశాడో ఆలోచిస్తే 1990 గుర్తుకొచ్చింది. ఆగస్టు 2న సద్దాం ఫౌజ్ కువైట్‌లోకి పోయింది. ఇక్కడ పెట్రోలు రేటు పెరిగింది. మా ఇంట్లో ఇంకో దెబ్బ కూడా తగిలింది. కువైట్‌లో పనిచేసే మా చాచా, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు ఎక్కించుకొచ్చిన లక్షా 70 వేలకు పైబడిన మందిలో ఒకడై, ఒంటి మీది బట్టలతో, ఒక చిన్న పానాల డబ్బాతో ఇల్లు చేరాడు. అటు మనీఆర్డర్ బంద్, ఇటు పెట్రోలు మహెంగా. బగ్దాద్‌లో మొదలైన జంగ్ మిరుదొడ్డిలో ఒక హెడ్ ప్యాకింగ్ అయ్యింది. ఆ జపాన్ పానాలతోనే నేనిప్పుడు ఇంజిన్ విప్పాను.

మూడో పొర, నేను మొదట చెప్పిన అల్యూమినియం ముక్క. ఈ బండికి ఫ్యాక్టరీ ఇచ్చింది జికోవ్ కార్బ్యురేటర్. 1980ల నడుమ 100 సీసీ జపాన్ బండ్లు వచ్చాయి. 1985లో హీరోహోండా సీడీ 100, అదే ఏడు యమహా ఆర్‌ఎక్స్ 100. లీటరుకు వాటి మైలేజీ ముందు జావాలు నిలబడలేకపోయాయి. 1996లో మైసూర్ ఫ్యాక్టరీకి తాళం పడ్డది. తాళం పడితే సామాన్లు దొరకవు. అరిగిపోయిన జికోవ్ బదులు ఆర్‌ఎక్స్ 100 కార్బ్యురేటర్ తగిలించడం అప్పటి మిస్త్రీల తర్కీబ్. కానీ దాని మూతి, దీని మూతి కలవవు. మధ్యలో ఒక జోడు ముక్క కావాలి. అది బజారులో దొరకదు. సిద్దిపేటలో ఖరాద్ నడిపే ఒక చాచా దాన్ని తోడి ఇచ్చాడు. ఒక వైపు జావా కొలత, ఇంకో వైపు యమహా కొలత. నడుమ ఊపిరి పోయే దారి వంపు లేకుండా నునుపుగా ఉంది. వెర్నియర్ పెట్టి చూశాను, వంక పెట్టడానికి లేదు. లోపల ఆ తారీఖ్. ఆయన ఇంతికాల్ అయ్యి చాలా ఏండ్లయింది. దుకాణం ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఇట్లాంటి కారీగర్లకు తారీఖ్ ఎవరు రాశారు? ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది. దానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి సైన్సు, ఇంజినీరింగు, వైద్యం మాటలన్నిటికీ ఉర్దూలో ఇస్తిలాహాత్, అంటే పరిభాష, తయారు చేశారు. 1929లో ఇంజినీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. పోలీస్ యాక్షన్ తర్వాత ఉర్దూ చదువు పోయింది. ఆ పెద్ద పెద్ద ఇస్తిలాహాత్ కితాబుల్లో ఉండిపోయాయి. కానీ షెడ్డులో మాటలు పోలేదు. పేచ్‌కస్ అంటే 'మర లాగేది', ఫార్సీ. ఖరాద్ అంటే తోపుడు మిషన్, అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా. మిస్త్రీ మాత్రం పోర్చుగీసు వాళ్ల 'మెస్త్రె'. ఈరోజు మా మండలంలో జై భీమ్ అని స్టిక్కర్ వేసుకున్న పిల్లగాడు గానీ, హనుమాన్ దీక్ష తీసుకున్న మెకానిక్ గానీ చెయ్యి చాపి "పేచ్‌కస్ ఇయ్యి" అనే అంటాడు. ఆ జబాన్‌ని ఏ యూనివర్సిటీ కాపాడలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, కొంచెం చేదుగా ఉన్నా. మిస్త్రీ షెడ్డుల్లో మా వాళ్లు ఇంతమంది ఎందుకున్నారంటే అందరూ షౌక్‌తో రాలేదు. 1948 తర్వాత హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ నౌకరీలు పోయిన ఇండ్లు ఎన్నో. చేతి పని ఒక్కటే మిగిలింది. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు ముస్లింలు ఎక్కువగా సొంత చిన్న పనుల మీద బతుకుతున్నారని చెప్తూ, ఆ పనుల్లో బండ్ల మరమ్మత్తును కూడా లెక్కలోకి తెచ్చింది. పదేండ్ల పిల్లగాడు 'ఛోటూ'గా చేరి, ఉస్తాద్ చేతి దెబ్బలు తిని, డీజిల్‌లో నట్లు కడిగి కడిగి మిస్త్రీ అవుతాడు. ఆ హునర్ గురించి మురిసిపోయేటప్పుడు ఆ బడికి పోని పిల్లగాణ్ని మరిచిపోకూడదు. మా ఖరాద్ చాచా కూడా అట్లా వచ్చినవాడే అని గల్లీ మిస్త్రీ చెప్పాడు.

అమెరికాలో రెండో జంగ్ నుంచి వచ్చిన సిపాయిలు ఫౌజ్ వదిలించుకున్న పాత హార్లీలను చౌకగా కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు కోసేసి 'బాబర్' అన్నారు. లండన్‌లో ఏస్ కేఫ్ ముందు గుమిగూడే కుర్రాళ్లు నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజిన్ పెట్టి 'ట్రైటన్' అన్నారు. వాళ్లూ పెద్ద షావుకార్లేం కాదు. ఇంటి వెనకాల, ఉన్న పైసలతో చేసుకున్న పని. కానీ ఆ మార్పులకు పేరొచ్చింది, పుస్తకాలొచ్చాయి, ఇప్పుడు అదే షకల్‌తో కొత్త బండ్లు లక్షలకు అమ్ముతున్నారు. మా అబ్బా చేసిన దాన్ని మాత్రం 'బండి ఖరాబ్ చేశాడు' అంటారు. రెంటికీ ఫరక్ ఏంటని నన్నడిగితే, వాళ్లు వేగం కోసం మార్చారు, అబ్బా అంగడికి పొద్దున్నే చేరడం కోసం మార్చాడు. అంతకు మించి నాకేం కనబడలేదు.

పూర్తిగా అసల్‌గా మిగిలిన బండి చూడాలంటే చౌమొహల్లా ప్యాలెస్‌కు పోండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ అక్కడ ఉంది. తఖ్త్ లాంటి సీటు. సుబ్హానల్లాహ్, ఏం మెరుస్తుందో! నూరేండ్లు దాటినా అది మొత్తం తిరిగింది నాలుగొందల మైళ్లు కూడా లేదు. తిరగలేదు కాబట్టి అరగలేదు, అరగలేదు కాబట్టి మార్చలేదు.

మన కానూన్ కూడా ఆ కారు వైపే ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు కొత్త నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏండ్లు దాటాలి. అసలు రూపంలో ఉండాలి, చట్రం, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండొద్దు. అట్లా ఉంటే నంబరులో 'వీఏ' అక్షరాలు ఇస్తారు. ఫీజు 20 వేలు. రోజూ నడపొద్దు, ధందాకు వాడొద్దు. 1970 బండి కాబట్టి వయసు లెక్కలో మాది పాస్. రెండో షరతులో ఫెయిల్. అంతకుముందే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చొద్దని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. ఇందులో ఇన్సాఫ్ లేదని నేననను. బ్రేకులు లేని బండికి పెద్ద ఇంజిన్ పెట్టి జనం మీదికి పోయేవాణ్ని ఆపాలి కదా. అందుకే చట్రం నంబరు, ఇంజిన్ నంబరు ఉన్న చోట నేను ఫైల్ కూడా ఆనించలేదు. మెరూన్ రంగే వేశాను, ఆర్‌సీలో రాసి ఉన్నది అదే గనక. అబ్బా పేరు మీద ఉన్న ఆర్‌సీని వారసుడి పేరుకు మార్చే ఫారం 31 కూడా పెట్టాను, గడువు దాటింది కాబట్టి జుర్మానా కట్టి. ఆ దఫ్తర్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో ఇంకో వ్యాసం అవుతుంది, వద్దు.

సాబ్ చెప్పిన షకల్‌కు తేవాలంటే ఎంతవుతుందో లెక్క వేశాను. జికోవ్ కార్బ్యురేటర్, క్రోమ్ పూత, కొత్త సైలెన్సర్లు, బ్యాడ్జీలు, సీటు. 70 వేలకు తక్కువ కాదు. పుత్లీబౌలీలో అడిగాను, జుమేరాత్ బజార్‌లో రెండు గురువారాలు తిరిగాను, ఎర్రగడ్డ సంతలో వెతికాను. 2018లో కొత్త జావా బండ్లు వచ్చినప్పటి నుంచి పాతవాటి రేట్లు పెరిగాయి అన్నారు. విరిగిన జికోవ్‌కు కూడా నఖ్రా చేస్తున్నారు.

నా జేబులో ఉన్నది 20 వేలు. దానితో చేసిందేమిటంటే:

ఇంజిన్‌లో బోరు బాగానే ఉంది, సీళ్లు ఎండిపోయాయి. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి అడుగు గది గాలి చొరనియ్యకుండా ఉండాలి, సీలు ఎండితే క్లచ్ వైపు నూనె లోపలికి పీల్చి తెల్ల పొగ వదులుతుంది. సీళ్లు, బేరింగులు, కనెక్టింగ్ రాడ్, కూలీ కలిపి 5,200. క్లచ్‌కి కార్క్ ప్లేట్లు 800. రెండో ప్యాకింగ్ తీసేశాను. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బర్లను తినేస్తుంది, అందుకని పెట్రోలు పైపు, సుయీ వాల్వు మార్చాను. ట్యాంకు లోపల తుప్పుకు సిర్కా పోసి గుప్పెడు నట్లు వేసి రెండు రోజులు ఉంచి ఊపాను. తర్వాత తినేసోడా నీళ్లతో కడిగి ఎండబెట్టాను. బయట పాత క్రోమ్ మీద చింతపండు రుద్దింది అమ్మీ, గిన్నెలు తోమినట్టు. కొంత మెరిసింది, కొంత పోయింది. సైలెన్సర్లలో గడ్డకట్టిన మసికి కాస్టిక్ సోడా. ఇది చేసేటప్పుడు పిల్లల్ని దూరం పెట్టండి, నా మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది.

డైనమో దగ్గర ఆగిపోయాను. 12 వోల్టుల కిట్ వేయించుకొమ్మని అందరూ చెప్పారు, రేటు వింటే దిల్ ధడక్ మన్నది. అప్పుడు తోచింది. మా ఊళ్లో బోరు మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉంది కదా! కరెంటు ఎక్కువ తక్కువై మోటార్లు కాలిపోయే రోజుల నుంచి ఆ దుకాణం ఉంది. తీసుకుపోతే ఆ తమ్ముడు "సాయబన్నా, గిదేం మోటరే?" అని నవ్వి, పాత తీగ చుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి రాసుకొని, అన్నే చుట్లు చుట్టి ఇచ్చాడు. 900 తీసుకున్నాడు. ఆరు వోల్టుల లైటు ఇప్పుడు పచ్చగా వెలుగుతుంది. రాత్రి పూట దూరం పోలేను, పోను కూడా. వైరింగ్ 650, రెండు టైర్లు 3,400, బ్రేకు లైనర్లు 400, కేబుళ్లు 500, సీటు రెక్సిన్ 1,100. రంగుకు కంప్రెసర్ పంక్చర్ దుకాణం నుంచి అడిగి తెచ్చాను, సామాను 2,600. చిల్లర మల్లర కలిపి 18 వేల లోపల తేలింది. మగ్రిబ్‌కి ముందు గాలి పడిపోయే వేళ చూసి రంగు కొట్టాలి, లేకపోతే దుమ్మంతా దాని మీదే. మొదటి కోటు అట్లాగే పాడయింది, గీకి మళ్లీ వేశాను. సీటు కింద అరచెయ్యంత చోట వాటర్ పేపర్ పెట్టలేదు. తలుపు నీలం అక్కడ ఉంది.

వెనక క్యారేజ్ సంగతి మిగిలింది. అబ్బా ఇనుప కడ్డీలతో వెల్డింగ్ చేయించుకున్నది. బరువు, మోటు, బండి అందానికి శత్రువు. చట్రానికి అంటించలేదు, బోల్టుల మీద నిలబడింది, కాబట్టి తీయడం కష్టం కాదు. సాబ్ మొట్టమొదట తీసెయ్యమన్నదీ దాన్నే. నాకూ కొంచెం అదే అనిపించింది. అమ్మీతో అన్నాను.

అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బండి అమ్ముకుంటే అమ్ముకో బేటా. ఆ క్యారేజ్ మాత్రం ఇంట్లో పెట్టు" అంది. "ఎందుకు?" అంటే, "కడ్డీకి గుడ్డ చుట్టి ఉంటది చూడు. అది నా చీర" అంది. మూటలు కోసుకుపోకుండా అబ్బా కడ్డీలకు చుట్టిన గుడ్డ. నూనె పట్టి నల్లగా తోలులా అయిపోయింది, నేను అది రబ్బరనుకొని రెండుసార్లు పీకబోయాను.

ఫీజుకు అమ్మీ తన చిట్టీ ఎత్తింది. సాబ్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పాను. మంచి మనిషి, కోపం తెచ్చుకోలేదు. "ఆ జోడు ముక్క ఫోటో ఒకటి పంపు భాయ్, కొలతలతో సహా" అన్నాడు. ఆయన దగ్గర ఉన్న ఇంకో జావాకు జికోవ్ దొరకడం లేదట.

ఫోటో పంపాను. కొలతలు మా అబ్బాయితో రాయించాను, ఉర్దూ అంకెల్లో ఒకసారి, మామూలు అంకెల్లో ఒకసారి. నాలుగు దగ్గర వాడింకా తడబడుతున్నాడు.